గొట్టాల్లో మిగిలిన పులుపు

హనుమకొండ,
ఆదివారం రాత్రి.

ప్రియమైన మిత్రమా,

పొద్దున నువ్వు ఫోన్ చేసినప్పుడు "ముందు ట్యాంకు ఖాళీ చెయ్యి, గొట్టాల మీద దుప్పటి కప్పు, తక్కినవి తర్వాత మాట్లాడుకుందాం" అని దాదాపు అరిచినంత పని చేశాను. చెల్లె పక్కనే ఉండి వినే ఉంటుంది, ఏమీ అనుకోవద్దని చెప్పు. సోలార్ హీటర్‌లో బోరు నీళ్ల ఉప్పు పేరుకుందని బాత్రూములు కడిగే యాసిడ్ క్యాను మొత్తం పోశానని నువ్వంటుంటే నాకు కోపం రాలేదు, నా సంగతే గుర్తుకొచ్చింది. ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు ఆమ్లాలు, క్షారాలు పాఠం చెప్పిన నేనే మొన్నటి మార్చిలో మా డాబా మీద ఇలాంటి తప్పే చేశాను. అది ఇప్పటిదాకా నీకు చెప్పకపోవడానికి కారణం సిగ్గు తప్ప మరొకటి కాదు.

మాది 200 లీటర్ల ట్యాంకు, ఇరవై గాజు గొట్టాలు. లోపల బోరు నీళ్ల సున్నం పొర కట్టి నీళ్లు గోరువెచ్చగా మాత్రమే వస్తున్నాయని మీ వదిన నెల రోజులు పోరు పెట్టిన మీదట రెండు కిలోల నిమ్మఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం తెచ్చి, బకెట్ నీళ్లలో కరిగించి, ట్యాంకు పైన గాలి పోవడానికి పెట్టిన పైపులోంచి గరాటుతో పోశాను. రెండు గంటలు ఆగి కింద వాల్వు తిప్పితే నీళ్లు తేటగానే వచ్చాయి. నిజానికి కరిగిన సున్నం కంటికి కనపడదు, తేట నీళ్లే రావాలి. ఆ మాత్రం ఆలోచన లేక, పని కాలేదనుకుని ఇంకో రెండు కిలోలు పోసి, కాజీపేటలో పెళ్లికి వెళ్లిపోయాను. రెండు రోజుల తర్వాత వచ్చేసరికి మార్చి ఎండలో ఆ పులుపు నీళ్లు చేయి పెట్టలేనంతగా కాగి ఉన్నాయి. సున్నం, నిమ్మఉప్పు కలిసి తయారయ్యే కాల్షియం సిట్రేట్ వేడి ఎక్కేకొద్దీ తక్కువగా కరుగుతుంది కనుక, తీయబోయిన పొర మరో రూపంలో తెల్లటి పొడిగా మారి షవరు రంధ్రాలన్నీ మూసేసింది.

అయినా అది చిన్న తప్పే. అసలు తప్పు ట్యాంకు ఖాళీ చేసి, "హమ్మయ్య" అనుకుని మళ్లీ నింపడం. మర్నాడు పొద్దున పళ్లు తోముకోవడానికి వేడి నీళ్లు పట్టుకున్న మీ వదిన ముఖం చింతకాయ కొరికినట్టయింది. ట్యాంకు ఖాళీ అయినంత మాత్రాన గొట్టాలు ఖాళీ కావు. వాటి అడుగు మూసుకుని ఉంటుంది, నోరు మాత్రమే ట్యాంకులోకి తెరుచుకుని ఉంటుంది. ఒక్కో గొట్టంలో రెండున్నర లీటర్లకు పైగా పడుతుంది. ఇరవై గొట్టాలంటే యాభై లీటర్ల పులుపు అక్కడే కూర్చుంది. కొత్త నీళ్లు పోసి ఎండ తగలగానే అదంతా పైకి లేచి ట్యాంకులో కలిసిపోయింది. కలపడం నాకు తెలిసిన పనే, తీయడం దగ్గరే తడబడ్డాను.

లెక్క వేస్తే, ట్యాంకు, గొట్టాలు కలిపి 250 లీటర్లనుకో, ఒకసారి వదిలితే అయిదో వంతు లోపలే ఉంటుంది. రెండోసారికి ఇరవై అయిదో వంతు, మూడోసారికి నూట ఇరవై అయిదో వంతు. కానీ ఎండ తగిలి నీళ్లు లోపల తిరిగితేనే ఈ లెక్క నిలబడుతుంది. అందుకని రాత్రి నింపడం, పగలంతా ఎండలో ఉంచడం, తెల్లవారుజామున వదలడం, ఇలా మూడు రోజులు చేశాను. మొదటిసారి నింపినప్పుడు కిలో వంట సోడాను నీళ్లలో కరిగించి కొద్దికొద్దిగా పోశాను. ఒక్కసారే పోస్తే నురగ పొంగి గాలిపైపు నుంచి గోడ మీద కారుతుంది. అలా కారిన మరక మా గోడ మీద ఇప్పటికీ ఉంది. మొదట వదిలిన పులుపు నీళ్లు పెరట్లోకి పోవడంతో కరివేపాకు చెట్టు కూడా ఎండిపోయింది. నువ్వు మురికికాలువ వైపే పైపు పెట్టు.

ఇప్పుడు నీ సంగతి. నువ్వు పోసింది నిమ్మఉప్పు కాదు, హైడ్రోక్లోరిక్ ఆమ్లం. సోడా వేస్తే దాని పులుపు చస్తుంది గానీ అందులోని క్లోరైడ్ మామూలు ఉప్పుగా నీళ్లలోనే ఉంటుంది. స్టెయిన్‌లెస్ స్టీలుకు అసలు శత్రువు అదే. పైకి మెరుస్తున్న రేకులో సూది మొనంత గుంతలు పెట్టి, కొన్నాళ్లకు బొట్లుబొట్లుగా కారేలా చేస్తుంది. కనుక నీ విషయంలో సోడాతో ఆపకూడదు, గొట్టాలు తీసి మరీ కడగాలి. గాజుకు ఆ ఆమ్లంతో భయం లేదు కనుక రాత్రికి అలాగే ఉండనీ. రేపు సూర్యుడు రాకముందే, వచ్చే మెకానిక్‌తో కలిసి, ఒక్కో గొట్టాన్ని సబ్బు నీళ్లతో తడిపి, మెల్లగా తిప్పుతూ పైకి నెట్టి, అడుగు భాగం పక్కకు జరిపి కిందికి లాగండి. చేతులకు రబ్బరు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. నేను తర్వాత ఒక గొట్టం తీసి చూస్తే అడుగున గుప్పెడు తెల్లటి ఇసుకలాంటిది రాలింది, నీకూ అలాంటిది కనిపించవచ్చు. ఖాళీ గొట్టం ఎండలో వేడెక్కాక చల్లటి నీళ్లు పోస్తే టప్పున పగులుతుంది కనుక దుప్పటి మాత్రం తీయకు.

వాసన పోవడానికి బ్లీచింగ్ పౌడర్ వేద్దామని మీ పనివాడు అన్నాడని చెప్పావు చూడు, ఆ మాట వినగానే నాకు చెమటలు పట్టాయి. ఆమ్లం మీద బ్లీచింగ్ పడితే క్లోరిన్ విషవాయువు వస్తుంది. ఆ డబ్బాను డాబా మీదికే రానివ్వొద్దు. ట్యాంకులో మెగ్నీషియం కడ్డీ ఉండే రకమైతే ఆమ్లం దాన్ని తినేస్తూ హైడ్రోజన్ వదులుతుంది, గాలిపైపు దగ్గర బీడీ, అగ్గిపుల్ల ఏదీ వద్దు. కడ్డీ అరిగితే మార్పించు, స్టీలు బదులు అరిగిపోవడమే దాని పని.

తుప్పు రంగు నీళ్లు వస్తున్నాయన్నావు. మీవి జీఐ పైపులు కదా, ఆమ్లం ముందు వాటి జింకు పూతను తిని తర్వాత ఇనుము దాకా వచ్చింది. ఇంట్లో వేడి నీళ్ల కుళాయిలన్నీ తెరిచి, రంగు పోయేదాకా వదలాలి. కడగడానికి బోరు నీళ్లు వాడకు. మీ కరీంనగర్‌లో మానేరు డ్యాం నుంచి నల్లా నీళ్లు వస్తాయి కదా, అవే పట్టు.

చివర ఒక పరీక్ష చెయ్యి. గ్లాసు నీళ్లలో చిటికెడు వంట సోడా వెయ్యి, బుసబుసమంటే పులుపు ఇంకా ఉన్నట్టే. మరో గ్లాసులో చిటికెడు పసుపు కలుపు, పారాణికి సున్నం కలిపినట్టు ఎర్రబడితే సోడా ఎక్కువైందన్నమాట, ఇంకోసారి కడగాలి. బుసా, ఎరుపూ రెండూ లేకపోతే చెల్లెను స్నానానికి వాడుకోమను, వంటకు మాత్రం వారం రోజులు వద్దు.

రేపు గొట్టాలు తీసేటప్పుడు ఫోన్ చెయ్యి, అయిదింటికే లేచి ఉంటాను. వీలైతే గొట్టం అడుగున రాలిన ఆ పొడి ఫోటో తీసి పంపు, మాదానికంటే ఎక్కువో తక్కువో చూడాలని మీ వదిన అప్పుడే అడుగుతోంది.

నీ
మిత్రుడు