మా కొండతేనె నోటి క్యాన్సర్‌కి మందు కాదు: ఈ సీజన్ సంగతులు

ఒడిశా సరిహద్దులో ఉన్న మా పర్లాకిమిడి చుట్టుపక్కల వాట్సాప్ గ్రూపుల్లో ఈ వేసవి మొదటినుంచీ ఒక మెసేజ్ తిరుగుతోంది. సవర కొండల తేనె రోజుకు మూడుసార్లు పుక్కిలిస్తే నోటి క్యాన్సర్ మాయమైపోతుందట, శాస్త్రవేత్తలే తేల్చారట. అందులో మా కొట్టు పేరు లేదు. కానీ కొండతేనె కావాలంటే మన ఊళ్లో చాలామంది వచ్చేది ఇక్కడికే కాబట్టి, దాని పుణ్యమా అని అమ్మకాలు బాగానే పెరిగాయి. పాతపట్నం, టెక్కలి నుంచి కూడా ఫోన్లు వస్తున్నాయి. మామూలుగా అయితే సంతోషించాల్సిన మాటే. తీరా ఫోన్ ఎత్తితే, "పుండు మానడానికి ఎన్ని సీసాలు పడతాయండీ?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మేం అమ్మేది తినే తేనె. అది క్యాన్సర్‌ని తగ్గిస్తుందని మేం చెప్పం. చెప్పినా నేరమే, 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వకూడదు. విశాఖలో మా సరుకు తీసుకునే ఒకాయన, లేబుల్ మీద 'క్యాన్సర్ నిరోధక' అని ఒక్క మాట వేయిస్తే రేటు రెట్టింపు చేసి అమ్మిపెడతానన్నాడు. కుదరదన్నాను. ఆ ఆర్డర్ పోయింది. గట్టి దెబ్బే, దాచడం దేనికి.

మరి ఆ మెసేజ్‌లో ఉన్నదంతా అబద్ధమేనా? పూర్తిగా కాదు. 2010లో మలేషియాలోని సైన్స్ యూనివర్సిటీ వాళ్లు నోటి క్యాన్సర్ కణాలను ల్యాబులో పెంచి, వాటి మీద తువాలంగ్ అనే అడవి తేనె వేసి చూశారు. సుమారు 4 శాతం తేనె కలిపిన ద్రవంలో కణాల పెరుగుదల సగానికి పడిపోయింది, చాలా కణాలు వాటంతట అవే చచ్చే దారి పట్టాయి. మనకు ఆసక్తి కలిగించే సంగతి ఇంకోటుంది. ఆ తేనె పెట్టేది మన మహేంద్రగిరి వైపు ఎత్తైన చెట్లకూ కొండ చరియలకూ పట్టు కట్టే పెద్ద ఈగే, జాతి ఒకటే. పువ్వులు మాత్రం వేరు. వాళ్లది వానల అడవి. మన దగ్గర ఇప్ప, నేరేడు, కానుగ. ఈగ ఒకటైనంత మాత్రాన తేనె ఒకటైపోదు, పువ్వు మారితే లోపలి సరుకూ మారుతుంది.

పైగా గిన్నెలో కణాలు వేరు, మనిషి నోరు వేరు. గిన్నెలో తేనె గంటల తరబడి, రోజుల తరబడి కణాలను అంటుకునే ఉంటుంది. నోట్లో వేసుకున్న చెంచాడు తేనె నాలుగు నిమిషాల్లో లాలాజలంతో కలిసి కడుపులోకి పోతుంది. క్యాన్సర్ పుండు పైకి కనిపించేది కొంతే, మిగతాది చర్మం కింద, దవడ ఎముకలో, మెడ గడ్డల్లో ఉండొచ్చు. పుక్కిలిస్తే అక్కడికి ఏం చేరుతుంది? క్యాన్సర్ కణాల మీద పనిచేస్తాయని ల్యాబుల్లో చెప్పే క్రైసిన్, క్వెర్సెటిన్ లాంటి మొక్కల పదార్థాలు తేనెలో ఉన్న మాట నిజం. అయితే ఉన్నవి చాలా తక్కువ. క్రైసిన్ అయితే మింగినా ఒంట్లోకి సరిగా ఎక్కదు. తేనెలో ఎనభై పాళ్లు చక్కెరే. నాలుగు శాతం తేనె కలిపినా ద్రవంలో చక్కెర బాగా పెరుగుతుంది, అందులో కణాలు సుఖంగా ఉండకపోవచ్చు, ఆ గొప్పంతా ఈ పదార్థాలదే అనుకోవడానికి లేదు.

తేనె నిజంగా పనికొచ్చే చోటు ఇంకోటి ఉంది. దాన్ని ఆ మెసేజ్ రాసిన మహానుభావుడు పట్టించుకోలేదు.

నోటికి, గొంతుకి రేడియేషన్ తీసుకునేవాళ్లకు సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున ఆరేడు వారాలు కరెంటు పెడతారు (మన వైపు రేడియేషన్‌ని అలాగే అంటారు కదా). రెండో మూడో వారం నుంచి నోరంతా పూసిపోతుంది. గంజి మింగినా మంట. బరువు తగ్గిపోతారు, కొందరు ఆ బాధ తట్టుకోలేక మధ్యలోనే మానేస్తారు. ఈ పూత మీద తేనె పనిచేస్తుందా అని చాలామంది డాక్టర్లు చూశారు. మలేషియాలోనే 2003లో 40 మంది రోగులతో చేసిన ప్రయత్నంలో సగం మందికి 20 మి.లీ. తేనె ఇచ్చారు. రేడియేషన్‌కి పావుగంట ముందు ఒకసారి, తర్వాత పావుగంటకు ఒకసారి, ఆరు గంటలకు ఇంకోసారి, నోరంతా తడిసేలా తిప్పి మెల్లగా మింగమన్నారు. తీవ్రమైన పూత తేనె తీసుకున్నవాళ్లలో 20 శాతం మందికి వస్తే, తీసుకోనివాళ్లలో 75 శాతం మందికి వచ్చింది.

అదే ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో ఇంకా పెద్దగా, 131 మందితో చేశారు. సగం మందికి ఖరీదైన మనూకా తేనె, సగం మందికి చక్కెర పాకం, ఎవరికి ఏది ఇచ్చారో తెలియకుండా. తేడా ఏమీ కనిపించలేదు. ఆ ఫలితం 2012లో అచ్చయింది. తేనె అమ్ముకునేవాడిగా ఈ రెండోది నాకు నచ్చే ఫలితం కాదు, కానీ మొదటిది చెప్పి రెండోది మింగేస్తే ఆ మెసేజ్‌కీ నాకూ తేడా ఏముంటుంది? ఇవన్నీ కలిపి చూసిన అంతర్జాతీయ నిపుణుల బృందం 2020 మార్గదర్శకాల్లో, తల, మెడ క్యాన్సర్‌కి రేడియేషన్ తీసుకునేవాళ్లలో పూత రాకుండా తేనె వాడి చూడొచ్చని సూచించింది. గమనించండి, క్యాన్సర్ తగ్గడానికి కాదు, వైద్యం వల్ల వచ్చే పూతకి. అదీ వైద్యం నడుస్తుండగా.

అలాంటివాళ్లు మా దగ్గరికి వస్తే నేను చెప్పేది ఒకటే, ముందు మీ డాక్టరుని అడగండి. ఆసుపత్రుల్లో వైద్యానికి వాడే తేనెను గామా కిరణాలతో శుద్ధి చేస్తారు. మాది గుడ్డలో వడగట్టి, తేమ చూసి, సీసాలో పోసిన పచ్చి తేనె. కీమో వల్ల రక్తకణాలు పడిపోయినవాళ్లకు పచ్చిది మంచిది కాకపోవచ్చు. షుగర్ ఉన్నవాళ్లకు సంగతి చెప్పక్కర్లేదు. రేడియేషన్ తర్వాత నోరు ఎండిపోతుంది, తీపి పళ్లకు అంటుకుంటే పళ్లు త్వరగా పుచ్చుతాయి. ఏడాది లోపు పిల్లలకైతే తేనె చుక్క కూడా నాకించొద్దు, ఆరోగ్యంగా ఉన్నా సరే.

మొన్న కౌంటర్ దగ్గరికి ఒక అక్క వచ్చింది. వాళ్లాయనకు నాలుక పక్కన పుండట, అర కేజీ కావాలంది. ఎన్నాళ్లయిందక్కా అంటే, సంక్రాంతి నుంచీ అంది. గుడాఖు (పళ్లకు రుద్దుకునే పొగాకు ముద్ద) పెడతాడా? పొద్దున్నా రాత్రీ పెడతాడట. నోరు తెరిస్తే మూడు వేళ్లు నిలువుగా పడతాయా అని అడిగాను. ఆమె తన వేళ్లు చూసుకుని, రెండే, అదీ కష్టంగా, అంది. సీసా ఇవ్వలేదు. ముందు ఆసుపత్రిలో పళ్ల డాక్టరుకి చూపించండి, ముక్క తీసి పరీక్ష చేస్తారు అన్నాను. ఆమెకు కోపం వచ్చింది. "నువ్వు వ్యాపారం చెయ్యడానికి కూచున్నావా, భయపెట్టడానికి కూచున్నావా బాబూ?" అని అందరి ముందూ అనేసి వెళ్లిపోయింది. మాట పడ్డాను గానీ, మళ్లీ వచ్చినా అదే చెప్తాను. రెండు మూడు వారాలు దాటినా మానని పుండు, తెల్లగా గానీ ఎర్రగా గానీ మచ్చ, కారం తగిలితే భరించలేని మంట, నోరు తెరుచుకోకపోవడం, వీటిలో ఏది ఉన్నా తేనె కోసం మా కొట్టుకి రావద్దు. బరంపురం వెళ్తారో, శ్రీకాకుళం వెళ్తారో, విశాఖ వెళ్తారో, ఆలస్యం మాత్రం చేయకండి.

ఇంకో మాట. ఈ జబ్బు మన ప్రాంతానికి కొత్త కాదు. మన నాయనమ్మలు చుట్ట నిప్పు లోపలికి పెట్టుకుని అడ్డపొగ తాగేవారు. పొగా వేడీ నేరుగా అంగిలికి తగిలేవి. శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మందిని పరీక్షించి 1971లో అచ్చువేసిన పరిశోధన ప్రపంచమంతా చదివింది, అడ్డపొగ తాగేవాళ్ల అంగిలి మీద మచ్చలు ఎలా వస్తాయో అందులో చూపించారు. ఇప్పుడు అడ్డపొగ తగ్గింది, గుడాఖు, ఖైనీ, గుట్కా ఆ చోటు పట్టుకున్నాయి. ఒడిశాలో పెద్దవాళ్లలో పదిమందిలో నలుగురికి పైగా పొగలేని పొగాకు వాడుతున్నారని 2016-17 జాతీయ సర్వే చెప్పింది. పొగాకు లేకపోయినా ఒట్టి వక్క కూడా క్యాన్సర్ తెచ్చేదే. బుగ్గన గుడాఖు ఉంచుకుని పైన తేనె రాస్తే ఉపయోగం ఏముంది చెప్పండి?

ఇక సరుకు సంగతి. కొండతేనె ఈసారి బాగా వచ్చింది, ధర పోయినేటిదే. వలిసె పూల తేనె కొరాపుట్ వైపు నుంచి పంట అయ్యాక, దీపావళి దాటితే గానీ రాదు. అది చలికి పేరుకుని నెయ్యిలా గట్టిపడుతుంది, చక్కెర కలిపారని గొడవ పెట్టుకోవద్దు, దాని స్వభావమే అంత. ఆ మెసేజ్ చూసి మందుగా కొన్నవాళ్లు మూత తీయని సీసా తెచ్చిస్తే డబ్బు తిరిగిచ్చేస్తాను, బిల్లు లేకపోయినా పర్వాలేదు. ఆదివారం కొట్టు ఉండదు.