డబుల్స్ రెండో రకం ఆట కాదు

సంపాదకులకు నమస్కారం.

సానియా మీర్జా ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఒక మాట వింటున్నాను, చదువుతున్నాను: సింగిల్స్‌లో నిలదొక్కుకోలేక డబుల్స్‌కు మళ్లిందని. బడిలో వ్యాయామ ఉపాధ్యాయురాలిగా పనిచేసి విరమించిన నాకు ఈ మాట చాలా అన్యాయంగా తోస్తుంది.

2003లో అలీసా క్లెబనోవాతో కలిసి ఆమె గెలిచిన వింబుల్డన్ జూనియర్ టైటిల్ డబుల్స్‌దే. మరుసటి ఏడాది హైదరాబాద్ ఓపెన్‌లో లీజెల్ హ్యూబర్ తోడుగా అందుకున్న మొట్టమొదటి డబ్ల్యూటీఏ (మహిళల ప్రొఫెషనల్ టెన్నిస్) టైటిల్ కూడా డబుల్స్‌దే. అప్పటికి ఆమె వయసు 17. సింగిల్స్ టైటిల్ ఆ తరువాత, 2005 ఫిబ్రవరిలో వచ్చింది. హైదరాబాద్‌లో ఆ ఫైనల్ చూడడానికి మా బడి పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లాను. సానియా ఫోర్‌హ్యాండ్ కొట్టిన ప్రతిసారీ ఆడపిల్లలు లేచి నిలబడ్డారు. మర్నాడు టెన్నిస్ రాకెట్లు కావాలని నా చుట్టూ చేరారు; మా బడిలో ఉన్నవి షటిల్ రాకెట్లే.

సింగిల్స్‌లో ఆమె సాధించినది తక్కువేమీ కాదు. ప్రపంచ ప్రసిద్ధ క్రీడాకారిణులు కుజ్‌నెత్సోవాను, హింగిస్‌ను ఓడించింది. 2007లో 27వ ర్యాంకుకు చేరింది. ఆమె తరువాత మన దేశం నుంచి సింగిల్స్‌లో తొలి వంద మందిలోకి చేరిన మహిళ ఇప్పటివరకు ఒక్కరూ లేరు. 2008లో కుడి మణికట్టుకు శస్త్రచికిత్స జరిగింది. ఆమె ఆటకు ప్రాణమైన ఫోర్‌హ్యాండ్ బలమంతా ఆ మణికట్టు మీదే ఆధారపడింది. అయినా మరికొన్నేళ్లు రెండూ ఆడి, 2013లో సింగిల్స్ మానుకుంది. తన ఒంటి సంగతి తెలిసిన క్రీడాకారిణి తీసుకున్న నిర్ణయమది.

డబుల్స్‌కు కావలసిన నేర్పు వేరు. నెట్ దగ్గర కన్నుమూసి తెరిచేలోగా చెయ్యి కదలాలి. పక్కనున్న మనిషి ఎటు కదులుతుందో చూడకుండానే తెలియాలి. సానియా వెనక నుంచి బాదితే, తడబడి వచ్చిన బంతిని, తరువాత ఆమెకు డబుల్స్ జోడీ అయిన హింగిస్ నెట్ దగ్గర ముగించేది. 2015 వింబుల్డన్ ఫైనల్‌లో రష్యా జోడీ మకరోవా, వెస్నినాల మీద మూడో సెట్‌లో 2-5తో వెనకబడి కూడా 7-5తో గెలిచారు. ఆ ఏడాదే యూఎస్ ఓపెన్, మరుసటి ఏడాది ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలుచుకున్నారు. మధ్యలో వరుసగా 41 విజయాలు! డబుల్స్ నంబర్ వన్ స్థానంలో సానియా మొత్తం 91 వారాలు ఉంది. తల్లి అయ్యాక 2020లో తిరిగొచ్చి, హోబార్ట్‌లో ఆడిన మొదటి టోర్నీలోనే డబుల్స్ టైటిల్ గెలిచింది. ఇదంతా సింగిల్స్‌లో ఓడినవారికి దక్కే ఊరడింపు బహుమతి ఎలా అవుతుంది?

జిల్లా పోటీల్లో షటిల్ డబుల్స్ గెలిచి సర్టిఫికెట్ తెచ్చిన అమ్మాయిని, "మరి సింగిల్స్ సంగతేమిటి?" అని అడిగిన తల్లిదండ్రులను చూశాను. ఆ పిల్ల ముఖం చిన్నబోవడం కూడా చూశాను. పెద్దల్లో ఈ చిన్నచూపు పెరగడానికి పత్రికల క్రీడా పేజీలు కూడా కొంత కారణం. గ్రాండ్‌స్లామ్ జరిగే రెండు వారాలూ డబుల్స్ ఫలితాలను మూలన ఒక వాక్యంతో సరిపెట్టకుండా, జోడీల పేర్లతో, సెట్ల స్కోర్లతో సహా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయురాలు,
ఖమ్మం