ఫ్లైఓవర్ మీద ఏమైందో నువ్వే చెప్పు బిడ్డా

నల్లగొండ,
బుధవారం పొద్దున

చిట్టీ,

మంచిగున్నావా బిడ్డా? ఇక్కడ అందరం మంచిగానే ఉన్నాం. మీ నాన్న షుగరు అదుపులో ఉంది, మాత్రలు నేనే చేతికిచ్చి మింగిస్తున్నా. వెనకింటి కమలమ్మ బర్రె ఈనింది, జున్నుపాలు తెచ్చిచ్చింది. ఉదయసముద్రం నిండుగా ఉందంటే నాన్న నిన్న పానగల్లు దాకా బండి మీద పోయి చూసి వచ్చాడు. అవ్వకు వినికిడి ఇంకా తగ్గింది. నీ పేరు ఎత్తితే మాత్రం వినపడుతుంది.

ఈ కాలంలో ఉత్తరం ఏంది అంటావేమో. ఫోన్ చేస్తే మీటింగ్‌లో ఉన్నా, మళ్లీ చేస్తా అంటావు. ఆ మళ్లీ రాదు. మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మ ఒకటి వస్తుంది. కాగితమైతే కూర్చుని చదువుతావని రాస్తున్నా. పెద్ద విషయమేమీ లేదు, ఊరికే.

హైదరాబాద్ మారథాన్‌లో నీ పరుగు అయిపోయింది, వినాయక చవితి కూడా దాటింది, నువ్వు రాలేదు. పత్రి కడిగే పని ఎప్పుడూ నీదే. ఈసారి నాన్న కడిగాడు. పని ఉందన్నావు, సరే. పోయిన వారం మిర్యాలగూడ పెళ్లిలో సుజాతత్త నన్ను పక్కకు పిలిచి, "వదినా, చిట్టికి ఇప్పుడెట్లా ఉంది, నడుస్తోందా?" అని అడిగింది. చేతిలో అన్నం పళ్లెం పట్టుకుని ఏం చెప్పాలో తెలియక నిలబడ్డా. వాళ్ల చింటూ ఆ రోజు అక్కడ వాలంటీరట. గచ్చిబౌలి వైపు ఏదో ఫ్లైఓవర్ దగ్గర నువ్వు గోడ పట్టుకుని కూలబడ్డావని, ఎవరో నీ కాళ్లకు స్ప్రే కొడుతున్నారని చూసి వచ్చి చెప్పాడట. ఆ మాట పెళ్లిలో ఒక చుట్టు తిరిగొచ్చేసరికి నిన్ను అంబులెన్స్ ఎక్కించారని కూడా అన్నారు. నేను నమ్మలేదు. మెడల్ పట్టుకుని ఫొటో పెట్టావు కదా గ్రూపులో, అంబులెన్స్ ఎక్కినవాళ్లకు మెడల్ ఎందుకిస్తారు అన్నాను.

కానీ ఆ ఫొటో పెద్దది చేసి చూశాను బిడ్డా. ఎడమ చెయ్యి రెయిలింగ్‌ను గట్టిగా పట్టుకుని ఉంది. ఎడమ మోకాలికి నీలం రంగు పట్టీ ఉంది, ఒక అంచు చెమటకు ఊడి ముడుచుకుపోయింది. పొద్దున బయలుదేరేముందు పెట్టిన ఫొటోలో ఆ పట్టీ లేదు. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. నాన్నకు చూపించలేదు, ఆయన కళ్లద్దాలు లేకుండా ఎట్లాగూ చూడలేడు.

సరే, అది వదిలెయ్.

ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో పొద్దున నాతో నడిచే సరళ టీచర్ ఉంది కదా, వాళ్ల అల్లుడు పోయిన ఏడు ఇదే పరుగు ఫుల్ ఉరికాడట. మొన్న వాళ్లింటికి వస్తే కూర్చోబెట్టి అంతా అడిగాను. చీకటితోనే పీపుల్స్ ప్లాజా దగ్గర జనం, పాటలు, హుస్సేన్ సాగర్ మీది గాలి, మొదట్లో అసలు కాళ్లు నేల మీద ఆనవు అన్నాడు. అక్కడే అందరూ ఎక్కువ ఉరికేస్తారట. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ మొదలయ్యాక ఎక్కుడు, దిగుడు, మళ్లీ ఎక్కుడు. ఫ్లైఓవర్ కింది నుంచి చూస్తే ఏముంది అనిపిస్తుందట, ముప్పై కిలోమీటర్లు దాటినంక అదే ఫ్లైఓవర్ గుట్టలాగా లేస్తుందట. ముంబై మారథాన్‌లో పెడ్డర్ రోడ్డు ఎక్కుడు ఒక్కదాని గురించే అందరూ చెప్పుకుంటారు, మన దగ్గర అట్లాంటివి లెక్కపెట్టడమే మానేశా ఆంటీ అన్నాడు. కేబుల్ బ్రిడ్జి మీద మాత్రం గాలి తగిలి ప్రాణం లేచి వచ్చిందట. ఆ తర్వాత పిక్కలు పట్టేసి ఎక్కుడంతా నడిచి, దిగుడంతా ఉరికి, గచ్చిబౌలి స్టేడియం లోపలికి వచ్చి ట్రాక్ కనపడగానే ఏడ్చేశాడట. రెండు బొటనవేళ్ల గోళ్లూ నల్లబడి తర్వాత ఊడిపోయాయి. చెప్పు విడిచి చూపించాడు, కొత్త గోరు ఇప్పుడే వస్తోంది.

నీ గోళ్లు ఎట్లా ఉన్నాయి?

దూరం గురించి నాన్న లెక్క వేశాడు. 42.195 కిలోమీటర్లంటే మన ఇంటి నుంచి నార్కట్‌పల్లి, చిట్యాల దాటి చౌటుప్పల్ దారిలో పడ్డట్టు. ఆ మాట విన్నాక అవ్వ అన్నం సగంలో వదిలేసింది. నేను మాత్రం ఎందుకు ఉరుకుతున్నావని అడగను. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు మారథాన్ పెట్టిందే 1984లో అని నువ్వే చెప్పావు. నేను ఏఎన్ఎం నర్సు ట్రైనింగ్‌లో చేరిన ఏడు అది. ఆడపిల్ల అంత దూరం ఉరికితే లోపల ఏదో పాడవుతుందని చదువుకున్నవాళ్లు కూడా అనేవారు. నువ్వు ఉరకడం నాకు ఇష్టమే. నా భయమంతా మోకాలి గురించే.

మర్రిగూడ సబ్ సెంటర్‌లో నేను ఎన్నేళ్లు చేశానో నీకు తెలుసు. ఇరవై ఏళ్ల పిల్లలు నడుము వంగి, మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుంటూ నడవడం నేను రోజూ చూశా. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాము దాటకూడదు, అక్కడి బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీళ్లు తేర్చే పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు, కానీ ఊళ్లో రోజూ ఎవరు చేస్తారు అది? మిషన్ భగీరథ పైలాన్ చౌటుప్పల్‌లో కట్టిన రోజు నేను ఇంట్లో దీపం పెట్టాను. నీ చిన్నప్పుడు నాన్న సైకిల్‌కు రెండు వైపులా డబ్బాలు కట్టి కృష్ణ నీళ్లు మోసేవాడు, బోరు నీళ్లతో నీకు అన్నం కూడా వండలేదు. అందుకే నీ ఎముకలు గట్టివని నాకు తెలుసు. తెలిసినా, ఆ నీలం పట్టీ చూస్తే కడుపులో దేవినట్టవుతుంది.

ఎక్కుడు దిగుడు అంటే ఒకటి గుర్తొచ్చింది, రాయనీ.

పల్స్ పోలియో మొదలుపెట్టిన కొత్తల్లో నన్ను చందంపేట వైపు డ్యూటీకి వేశారు. నువ్వు చంటిపిల్లవి, అవ్వ దగ్గర వదిలి పోయాను. జీపు గుట్ట మొదట్లోనే ఆగిపోయింది, ఇక బండి బాట లేదు. పైన తండా. భుజాన వ్యాక్సిన్ క్యారియర్, లోపల నాలుగు ఐస్ ప్యాకులు, మధ్యలో చుక్కల మందు. ఐసు కరిగితే మందు పనికిరాదు, కాబట్టి ఆగడానికి లేదు. నేను గబగబా ఎక్కుతుంటే వెనక నుంచి ఒక లంబాడీ ముసలామె కట్టెలమోపుతో వచ్చింది. నెత్తిన అంత బరువుతో నన్ను దాటిపోయింది! దాటి పోయి ఆగి చూసింది. "అట్ల పెద్ద అడుగులు వెయ్యకు బిడ్డా, చిన్నగ వెయ్. మాట్లాడకు. పైకి చూడకు" అన్నది. యాడీ అని పిలిచేవాళ్లు ఆమెను అందరూ. ఆమె అడుగు వెనక అడుగు వేస్తూ పోయాను. నిజంగానే ఆయాసం తగ్గింది.

పైకి పోయాక అసలు పని. తల్లులు పిల్లల్ని ఇంట్లో దాచారు. ఆ చుక్కలు వేస్తే పిల్లలు పుట్టరని ఎవరో చెప్పారట. యాడీ తన మనవడిని ముందు తెచ్చి నా ఒళ్లో పెట్టింది, వాడు నోరు తెరిచాడు, ఆ తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. అందరికీ వేసేసరికి పొద్దు వాలింది. అప్పటిదాకా ఏమీ తినలేదు. కళ్లు తిరుగుతుంటే మొహం చూసే కనిపెట్టి, జొన్న గట్క పలచగా కలిపి, రాళ్ల ఉప్పు వేసి సత్తు గ్లాసులో ఇచ్చింది. వట్టి నీళ్లు అడిగితే ఇవ్వలేదు, ముందు ఇది తాగు అన్నది. ఓఆర్ఎస్ ప్యాకెట్లు పంచే నాకు ఉప్పు సంగతి ఆమె చెప్పింది.

దిగేటప్పుడు తొందర. దూరంగా కృష్ణ వెనకనీళ్లు కనపడుతున్నాయి. నీకు పాలు తాగే వేళ దాటిపోయింది, నాకు పాలు చేపి జాకెట్టు తడిసిపోతోంది. ఉరికినట్టే దిగుతున్నా. యాడీ జీపు దాకా నా చెయ్యి వదల్లేదు. "మడమతో ఆపకు, మోకాలు కొంచెం వంచి దిగు, గుట్ట ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడే కాళ్లు పాడైతయ్" అన్నది. మర్నాడు తెలిసింది నాకు. తొడల ముందు కండలు పట్టేసి మంచం మీద నుంచి లేవలేకపోయాను, కూర్చోవాలంటే గోడ పట్టుకున్నాను. దిగేటప్పుడు ఒళ్లు బరువంతా ఆ కండలే సాగుతూ ఆపాలి, అందుకే అంత నొప్పి అని తర్వాత మా డాక్టరమ్మ చెప్పింది.

అందుకే అడుగుతున్నా. నీకు నొప్పి తొడలోనా, మోకాలి చిప్ప కిందనా, పక్కనా? తొడలో అయితే రెండు మూడు రోజుల్లో పోవాలి, పోయే ఉంటుంది. మోకాలి పక్కన అయితే, మెట్లు దిగేటప్పుడు పొడిచినట్టు ఉంటే, చూపించుకోవాలి. యూట్యూబ్ చూసి పట్టీ వేసుకోవడం వైద్యం కాదు. ఎముకల డాక్టర్ దగ్గరికి పో, ఎవరైనా ఉంటే తోడు తీసుకుపో. చింటూ వస్తాడు, అడుగు. వాడి మీద కోపం పెట్టుకోకు, వాడు చూసింది చెప్పాడు.

లెక్చర్ ఇవ్వొద్దనే మొదలుపెట్టా, అయినా ఇవి రాయకపోతే నాకు నిద్ర పట్టదు. ఉరికే ముందు గానీ, ఉరుకుతూ గానీ నొప్పి మాత్రలు మింగకు. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు అవి కిడ్నీల మీద పడతాయి. మన వానాకాలం గాలిలో తేమకు చెమట కారుతుంది కానీ ఆరదు, ఆరితేనే ఒళ్లు చల్లబడేది. అందుకని ప్రతి టేబుల్ దగ్గరా వట్టి నీళ్లు గటగటా తాగేస్తారు. అది ఇంకో ప్రమాదం. రక్తంలో ఉప్పు పలచబడి తల తిరుగుతుంది, వాంతి వస్తుంది, మనిషి తికమకగా మాట్లాడతాడు, అప్పుడు ఇంకా నీళ్లు తాగిస్తే ఇంకా చెడుతుంది. దాహమైనంతే తాగు. ఓఆర్ఎస్ ప్యాకెట్ పెద్దది లీటరు నీళ్లకు మొత్తం ఒకేసారి కలపాలి, గ్లాసులో కొంచెం కొంచెం కాదు, కలిపింది మర్నాటికి ఉంచకూడదు. టెట్రా ప్యాకుల్లో అమ్మే తియ్యటి నీళ్లన్నీ ఓఆర్ఎస్ కావు, డబ్బా మీద ఏం రాసి ఉందో చదువు.

హిమోగ్లోబిన్ టెస్ట్ చేయించుకున్నావా? ఎంత దూరం ఉరికితే అంత ఐరన్ పోతుంది, దానికి తోడు నెలనెలా పోయేది ఉండనే ఉంది. పన్నెండు దాటి ఉండాలి. ఐరన్ మాత్ర టీతో వేసుకోకు, నిమ్మకాయ నీళ్లతో వేసుకో. ఊరంతటికీ ఈ మాత్రలు పంచి, నా బిడ్డ ఎర్రగా ఉందో పాలిపోయిందో ఫొటోలో చూసుకోవాల్సి వస్తోంది. కింది కనురెప్ప కిందికి లాగి ఒక ఫొటో పెట్టు, వెలుతురులో నిలబడి.

అక్కడ కూర్చున్నావా, పడ్డావా, ఎవరు లేపారు, ఎంతసేపటికి లేచావు, లేచి ఉరికావా నడిచావా, ఇవి నీ నోటితో వినాలి. పడ్డావంటే మాన్పించేస్తానని భయపడుతున్నావేమో, మాన్పించను. సుజాతత్త చెబితే వినాల్సి రావడం నాకు బాగాలేదు చిట్టీ. ఆమె అడిగినప్పుడు, "అవును, పిక్క పట్టింది, ఇప్పుడు తగ్గింది" అని నేను చెప్పగలిగి ఉండాలి.

శనివారం నాన్న వస్తున్నాడు. ఎల్బీనగర్‌లో దిగుతాడు, నువ్వు మెట్రోలో అక్కడికి రా. పార్సెల్ ఇచ్చి అటు నుంచే తిరిగి వచ్చేస్తానంటున్నాడు, అన్నం పెట్టకుండా పంపకు. నువ్వుల లడ్డూలు, సజ్జ రొట్టెలు, మునగాకు పొడి, ఐరన్ మాత్రలు పెట్టాను. జున్ను చిన్న స్టీలు డబ్బాలో ఉంది, రాగానే ఫ్రిజ్‌లో పెట్టు. స్టేషన్‌లో లిఫ్ట్‌లో కాకుండా మెట్ల మీద దిగి రా. ఏ కాలు ముందు వేస్తున్నావో చూసి ఆయన నాకు ఫోన్ చేస్తాడు.

మీ అమ్మ

పోయినసారి తీసుకుపోయిన డబ్బాల మూతలు మూడు రాలేదు, నాన్నకిచ్చి పంపు.