పాకాల కళ్లంలో హైదరాబాద్ ఎండ

తిరుపతి,
ఆదివారం రాత్రి.

ప్రియమైన మిత్రమా,

మొన్న నువ్వు ఫోను పెట్టేసినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. "వాతావరణం యాప్‌లో సూర్యుడి బొమ్మ ఉందిరా, చుక్క పడదని చూపించింది. నమ్మి పట్టా కప్పకుండా పడుకున్నాను" అన్నావు. ఆ మాటే చెవిలో తిరుగుతోంది. జులైలో వేరుశనగ విత్తనం వేసిన నాటి నుంచి నువ్వు, చెల్లెమ్మ ఎంత కష్టపడ్డారో నాకు తెలుసు. పీకి, కాయ కోసి, కళ్లంలో ఆరబోశాక తడిస్తే ఆ బాధ వేరు. పొలంలో తడిసిన పైరు కోలుకుంటుంది, ఆరబోసిన కాయ బూజు పడుతుంది. తడిసిన వాటిని ఎండినవాటితో కలపవద్దు, విడిగా పలుచగా పరచమని చెల్లెమ్మకు చెప్పు. ఈ మాట ఫోనులోనే చెప్పవలసింది, నీ గొంతు విని తడబడ్డాను.

ఇక అసలు సంగతి. మీ అబ్బాయి పంపిన ఆ ఫోటోను కళ్లజోడు పెట్టుకుని పది సార్లు చూశాను. అందరూ ఎండ బొమ్మనే చూస్తారు. నా చూపు మాత్రం దాని కింద ఉన్న రాత్రి ఉష్ణోగ్రత దగ్గర ఆగింది. 17 డిగ్రీలు! ఒరేయ్, మబ్బు పట్టిన నవంబరు రాత్రి పాకాలలో 17 డిగ్రీలు ఎక్కడివి? అదే రాత్రి నేను ఇక్కడ ఫ్యాను వేసుకుని పడుకున్నాను. పైన ఊరి పేరు ఉండవలసిన చోట "ప్రస్తుత ప్రదేశం" అని మాత్రమే ఉంది. వెంటనే మీ అబ్బాయికి ఫోను చేసి, ఆ పేరు మీద నొక్కి మ్యాపు తెరవమన్నాను. వాడు ఒక నిమిషం మాట్లాడలేదు. తరువాత మెల్లగా, "మామా, చుక్క హైదరాబాద్ మీద ఉంది" అన్నాడు.

అదిరా జరిగింది. నీ యాప్ చెప్పింది హైదరాబాద్ ఆకాశం గురించి. అక్కడికి అది సరిగ్గానే చెప్పి ఉంటుంది. నైరుతి రుతుపవనాలు అక్టోబరులో వెనక్కి మళ్లాక అక్కడ ఆకాశం తేటపడి చలి మొదలవుతుంది. మనకు ఆ సమయంలోనే ఈశాన్య రుతుపవనాలు మొదలై, బంగాళాఖాతం నుంచి మబ్బులు వస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మన వానలు, వాళ్ల వానలు ఒకటి కావు. జులైలో అయితే ఈ తేడా నీ కంట పడేది కూడా కాదేమో. తేడా దెబ్బ తీసే నెలలోనే నీకు తప్పు ఊరు చూపించింది.

"పోయిన ఏడాది బాగానే పని చేసింది కదా" అని అడిగావు. అదే ప్రశ్న నన్నూ రాత్రంతా తొలిచింది. ఆలోచిస్తే తేలింది. పోయిన పంట ఇంటికి చేరాక ఆ యాప్‌ను నువ్వు ఎప్పుడు తెరిచావు? ఎండాకాలమంతా దానితో పని లేదు కదా. ఆండ్రాయిడ్ ఫోన్లలో 2020లో వచ్చిన పదకొండవ వెర్షన్ నుంచి ఒక ఏర్పాటు ఉంది. కొన్ని నెలల పాటు ఒక యాప్‌ను ముట్టుకోకపోతే, దానికి మనం ఇచ్చిన అనుమతులను ఫోను తనంతట తానే వెనక్కి తీసుకుంటుంది. మన రక్షణ కోసమే ఆ ఏర్పాటు, మంచిదే. కానీ లొకేషన్ అనుమతి పోయాక నీ యాప్‌కు నువ్వు ఎక్కడ ఉన్నావో తెలిసే దారి లేదు. అప్పుడు అది నీ ఇంటర్నెట్ ఏ ఊరి మీదుగా బయటికి పోతోందో చూసి ఊహిస్తుంది. మొబైల్ డేటా పాకాలలో వాడినా, అది ఇంటర్నెట్‌లో కలిసేది ఏదో ఒక మహానగరంలోనే. ఒకరికి చెన్నై చూపిస్తుంది, ఇంకొకరికి బెంగళూరు, నీకు హైదరాబాద్.

సరిచేయడం కష్టమేమీ కాదు. నువ్వే చేయి, అబ్బాయి చేత చేయించకు. వాడు హాస్టలుకు వెళ్లాక నీకే కావాలి. యాప్ బొమ్మ మీద వేలు అదిమి పట్టి, వచ్చిన చిన్న పెట్టెలో యాప్ సమాచారంలోకి వెళ్లు. అక్కడ అనుమతులు, అందులో లొకేషన్. యాప్ వాడుతున్నప్పుడు అనుమతించు అన్నది ఎంచుకో. దాని కిందే "ఖచ్చితమైన లొకేషన్" అనే మీట ఉంటుంది. అది ఆపి ఉంటే ఫోను నువ్వు ఉన్న చోటును కొన్ని కిలోమీటర్ల ఉజ్జాయింపుతోనే చెబుతుంది. మన కొండల మధ్య ఆ మాత్రం దూరమే వానకు, ఎండకు తేడా, కాబట్టి దాన్నీ వేసి పెట్టు. ఇంకొంచెం కిందికి వస్తే వాడని యాప్‌ల అనుమతులు తీసివేసే మీట కనిపిస్తుంది. ఈ ఒక్క యాప్‌కు మాత్రం దాన్ని ఆపు. మిగతా వాటికి అలాగే ఉండనీ.

ఇదంతా చేశాక కూడా ఊరి పేరును చేత్తో చేర్చి పెట్టుకో. లొకేషన్ ఎప్పుడు మొరాయించినా ఆ పేరు చెదరదు. కానీ ఇక్కడా జాగ్రత్త. పాకాల అని వెతికితే వరంగల్ వైపు కాకతీయుల నాటి పాకాల చెరువు ముందు రావచ్చు. మా చంద్రగిరి పేరుతో కేరళలో ఒక నది ఉంది, నేపాల్‌లో ఏకంగా ఒక పట్టణమే ఉంది. తిరుపతి అని కొడుతుంటే తమిళనాడు తిరుపత్తూరు ఎదురు రావచ్చు. పేరు పక్కన జిల్లా, రాష్ట్రం చదివి మరీ నొక్కు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినా పాత జాబితాలు వాడే యాప్‌లలో నీ ఊరి పక్కన ఇంకా చిత్తూరు అనే ఉండవచ్చు. దానికి కంగారు పడకు, అది నీ ఊరే.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మా అమ్మ ఫోను ముందు తెర మీద వాతావరణం పెట్టె ఒకటి ఉంది. అమ్మ వడియాలు పెట్టాలన్నా, దుప్పట్లు ఉతకాలన్నా దాన్నే చూస్తుంది. పోయిన వారం మూడు రోజులు అది 31 డిగ్రీలు అనే చెప్పింది. పొద్దున 31, రాత్రి 31. బయట జల్లు పడుతుంటే కూడా 31. అమ్మ పక్కన కూర్చుని ఆ పెట్టెను దగ్గరగా చూశాను. అంకె కింద, చీమ తలంత అక్షరాల్లో, చివరిసారి తాజా అయిన సమయం ఉంది. అది మూడు రోజుల కిందటి మధ్యాహ్నం! అంటే అమ్మ చూస్తున్నది ఎప్పుడో దాటిపోయిన ఎండను. ఛార్జింగ్ మిగలాలని ఫోను ఆ యాప్‌ను వెనక పని చేయనివ్వడం లేదు. యాప్ సమాచారంలోనే బ్యాటరీ అని ఉంటుంది, అక్కడ పరిమితి లేకుండా చేశాను. డేటా ఆదా చేసే మీట వేసి ఉంటే దాని జాబితాలో కూడా ఈ యాప్‌కు మినహాయింపు ఇవ్వాలి. ఆ పెట్టెను తీసేసి మళ్లీ పెట్టాక కదిలింది. ఇప్పుడు అమ్మ అంకె కన్నా ముందు ఆ చిన్న అక్షరాలు చదువుతోంది. నువ్వూ అలాగే చేయి. ముందు ఊరి పేరు, తరువాత సమయం, ఆ తరువాతే సూర్యుడి బొమ్మ.

హెచ్చరిక మోత రాలేదని కూడా అన్నావు కదా. కొత్త ఫోన్లలో నోటిఫికేషన్లకు కూడా విడిగా అనుమతి ఇవ్వాలి. మొదటిసారి అడిగినప్పుడు వద్దు అని నొక్కి ఉంటావు. రాత్రి మోగకుండా పెట్టుకున్న ఏర్పాటులో కూడా ఈ యాప్‌ను మినహాయించు. డిగ్రీలు 80, 90 అని కనిపిస్తే అది ఫారెన్‌హీట్, సెల్సియస్‌కు మార్చుకో. తెర బిగుసుకుపోతే క్యాష్, అంటే యాప్ తాత్కాలికంగా దాచుకున్న సమాచారం, తుడిచి చూడు. డేటా మొత్తం తుడిస్తే మాత్రం నువ్వు చేర్చిన ఊళ్ల పేర్లు, ఇచ్చిన అనుమతులు పోతాయి, మళ్లీ మొదటికి వస్తుంది. కాంటాక్టులు, ఫోటోలు చూడనివ్వమని అడిగే వాతావరణ యాప్ ఏదైనా సరే తీసి అవతల పారెయ్. వానకు, నీ బంధువుల ఫోను నంబర్లకు ఏమిటి సంబంధం?

అన్నీ సరిగ్గా ఉన్నా తప్పే సందర్భం ఒకటి ఉంది. అది నాకు ప్రతి ఏడూ కళ్లెదుట కనిపిస్తుంది. మా ఇంటి నుంచి కొండ కింది జలపాతం, కపిలతీర్థం, నడక దూరమే కదా. ఒక్కోసారి మా వీధిలో చినుకు ఉండదు, యాప్‌లోనూ ఉండదు. కానీ రాత్రి తలుపు తీస్తే తీర్థం హోరు వినిపిస్తుంది. కొండ మీద కుండపోత పడుతున్నదన్నమాట. తిరుమల సముద్ర మట్టానికి ఎనిమిది వందల మీటర్లకు పైగా ఎత్తు, గీత గీసినట్టు కొలిస్తే పది కిలోమీటర్ల దూరం కూడా లేదు. ప్రపంచమంతటికీ లెక్క కట్టే వాతావరణ నమూనాలు భూమిని గళ్లుగా కోసి, ఒక్కో గడికి ఒక్కో అంకె ఇస్తాయి. గడి సుమారు పది కిలోమీటర్లదైతే కొండ, ఊరు ఒకే గడిలో పడిపోతాయి. మబ్బును అడ్డగించి కురిపించే శేషాచలం ఆ లెక్కలో నున్నగా చదునైపోతుంది. ఒక్కో యాప్ ఒక్కో నమూనా మీద ఆధారపడుతుంది. అందుకే నీ ఫోనులో వాన, నా ఫోనులో ఎండ. మన వాతావరణ శాఖ 2025 మేలో ఆరు కిలోమీటర్ల గడితో కొత్త వ్యవస్థను మొదలుపెట్టింది. నాకు అది నిజంగా సంతోషం కలిగించింది. గాదంకి టోల్‌గేటు దాటినప్పుడల్లా అక్కడి రాడార్ కేంద్రం గుర్తుకు వస్తుంది. మన తలల మీది గాలిని దశాబ్దాలుగా కొలుస్తున్న పరిశోధనశాల నీ పొలానికి ఇంత దగ్గరలో ఉందిరా!

వాన అవకాశం 30 శాతం అని ఉంటే ధైర్యంగా ఉండవచ్చా అని చెల్లెమ్మ అడిగింది. ఆమెకు ఇలా చెప్పు. అలాంటి రోజులు పది వస్తే మూడు రోజులు తడుస్తాం. రోజులో 30 శాతం సేపు కురుస్తుందని కాదు, సన్న జల్లు అని కూడా కాదు. బట్టలు ఆరేయడానికి ఆ ధైర్యం చాలు. కళ్లంలో పంట ఉంటే చాలదు. నేనైతే 20 శాతానికే పట్టా కప్పుతాను.

నీ ఫోనులో ఇంకో రెండు యాప్‌లు పెట్టించాలని ఉంది. ఒకటి వాతావరణ శాఖ వారి మౌసమ్. అందులో జిల్లాకు రంగు ఉంటుంది. పసుపు అయితే ఒక కన్ను వేసి ఉంచాలి, నారింజ అయితే సర్దుకుని సిద్ధంగా ఉండాలి, ఎరుపు అయితే ఇక ఆలోచించకుండా కదలాలి. రాబోయే మూడు గంటలకు ఇచ్చే హెచ్చరిక కూడా ఉంటుంది. సాయంత్రం పడుకోబోయే ముందు నీకు కావలసింది అదే. రెండోది దామిని, పిడుగుల కోసం. నువ్వు ఉన్న చోటికి 20, 40 కిలోమీటర్ల లోపల మెరుపులు ఉంటే చెబుతుంది. చేలో ఒంటరిగా ఉండే మనిషివి, ఇది లేకపోతే నాకు నిద్ర పట్టదు.

ఇంకా ఓపిక ఉంటే వాతావరణ శాఖ వెబ్‌సైటులో చెన్నై, శ్రీహరికోట రాడార్ చిత్రాలు ఉచితంగానే చూడవచ్చు. మబ్బు ఎటు నడుస్తోందో కంటితో తెలుస్తుంది. చిత్రం మీద సమయం చదివేటప్పుడు పక్కన యు.టి.సి. అని ఉంటే అది ప్రపంచ ప్రామాణిక సమయం, మన సమయానికి అయిదున్నర గంటలు కలుపుకో. 12:30 అని ఉన్నది మనకు సాయంత్రం ఆరు. కలపకపోతే ఇప్పటి మబ్బును మధ్యాహ్నం నాటి మబ్బు అనుకుని కొట్టిపారేస్తావు.

ఇంత పొడుగు ఉత్తరం ఎందుకు రాశానో నీకు తెలుసు. 2021 నవంబరు 18 మరచిపోలేదు కదా. ఘాట్ రోడ్లు మూసేశారు, మా వీధి ఏరైంది, తరువాత రాయలచెరువు కట్ట ఆగుతుందో లేదో అని ఊళ్లకు ఊళ్లు భయపడ్డాయి. ఆ రాత్రి నువ్వు గంటకోసారి నాకు ఫోను చేశావు. "మేడ మీదికి వెళ్లు, అమ్మను పైకి తీసుకుపో" అని నువ్వు అరిచిన అరుపు నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పుడు నా వాతావరణ యాప్ నువ్వే.

సరే, రేపు సాయంత్రం పని ముగించుకుని అనుమతులు సరిచేసి, తెర ఫోటో తీసి పంపు. పైన పాకాల అని, కింద ఆ నిమిషం సమయం కనిపించాలి. బుధవారం నాకు సెలవు. పొద్దున్నే బస్సు ఎక్కి వస్తాను, ఇంట్లో వాడని పెద్ద టార్పాలిన్ పట్టా ఒకటి ఉంది, అది తెస్తాను. తడిసిన కాయలను ఇద్దరం కూర్చుని ఏరుదాం. చెల్లెమ్మను పచ్చి పులుసు చేయమని చెప్పు.

అమ్మకు నా నమస్కారాలు.

ఇట్లు,
నీ మిత్రుడు.