షార్ట్‌లిస్టులో తప్పులు, ఫీజు వాపసు: విద్యా కన్సల్టెన్సీకి ఫిర్యాదు లేఖ

బ్రాంచ్ మేనేజర్ గారికి,

విషయం: 2026 సెప్టెంబర్ ఇన్‌టేక్‌కు మీరిచ్చిన బ్రిటన్ యూనివర్సిటీల లిస్టు.

నమస్కారం.

మా కళాశాలలో బీకాం చదివి, ఎనిమిది నెలలుగా ఆడిటర్ ఆఫీసులో పనిచేస్తున్న విద్యార్థిని మీకు 18,000 రూపాయలు కట్టి ఆరు యూనివర్సిటీల లిస్టు తీసుకుంది. ఆమె కోరిక మీద, కామర్స్ బోధించే మేము ఈ లేఖ రాస్తున్నాం. కింద ఆమె సంతకం కూడా ఉంది. లిస్టులోని ప్రతి వరుసనూ ఆయా కోర్సుల పేజీలతోనూ, బ్రిటన్ ప్రభుత్వ వీసా నిబంధనలతోనూ పోల్చి చూశాకే ఫిర్యాదు చేస్తున్నాం.

మూడో వరుసతో మొదలుపెడతాం, ఎందుకంటే దానివల్ల వీసాయే పోయేది. ఆ యూనివర్సిటీ ఉత్తర ఇంగ్లండ్‌ది. మీరు చూపించిన కోర్సు మాత్రం దాని లండన్ క్యాంపస్‌లో నడుస్తుంది. మీ లిస్టులో క్యాంపస్ గడి ఖాళీగా ఉంది, పక్కనే వీసాకు చూపించాల్సిన జీవన వ్యయం 10,539 పౌండ్లని ఉంది. నెలకు 1,171 చొప్పున తొమ్మిది నెలలకు వేసిన ఆ లెక్క లండన్ బయట చదివేవాళ్లకు. లండన్‌లో చదివితే నెలకు 1,529, మొత్తం 13,761 పౌండ్లు చూపించాలి. యూనివర్సిటీ సొంత ఊరు ఏదన్నది ఇక్కడ లెక్కలోకి రాదు, విద్యార్థి ఏ క్యాంపస్‌లో చదువుతుందన్నదే చూస్తారు. మీ లెక్క నమ్ముకుంటే 3,222 పౌండ్లు తక్కువ పడేవి. కట్టాల్సిన మిగతా ట్యూషన్ ఫీజుతో కలిపి ఈ మొత్తం వరసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి. మధ్యలో ఒక్క రోజు తగ్గినా అప్లికేషన్ తిరస్కరించవచ్చు.

క్యాంపస్ గడి ఖాళీ వదలడం వల్ల వచ్చే నష్టం డబ్బు దగ్గరే ఆగదు. ఇలాంటి లండన్ క్యాంపస్‌లలో కొన్నింటిని యూనివర్సిటీతో ఒప్పందం ఉన్న ప్రైవేటు సంస్థలు నడుపుతాయి. పాఠం చెప్పేది ఎవరు, అసలు బిజినెస్ స్కూల్ లైబ్రరీ, కెరీర్ సర్వీసు అక్కడివాళ్లకు ఎంతవరకు అందుతాయి అన్నవి డిపాజిట్ కట్టకముందే తేలాలి. మీరేమో ఈ వివరాలేవీ ఇవ్వకుండా వారంలోగా డిపాజిట్ కట్టమని మెసేజ్ పెట్టారు. వీసా రాకపోతే చాలాచోట్ల డిపాజిట్ వెనక్కిస్తారు గానీ, మనసు మార్చుకున్నామంటే సాధారణంగా ఇవ్వరు.

ఆరింటిలో నాలుగు ఎంబీఏలు. ఎంబీఏ కోర్సులకు నాణ్యత గుర్తింపునిచ్చే అంతర్జాతీయ సంస్థ ఆంబా. దాని గుర్తింపున్న ఎంబీఏలో చేరాలంటే కనీసం మూడేళ్ల ఉద్యోగానుభవం కావాలి. ఎనిమిది నెలల అనుభవానికి సీటిచ్చే ఎంబీఏలకు ఆ గుర్తింపు ఉండదు. ఈ అమ్మాయికి సరిపోయేది ఎమ్మెస్సీ మేనేజ్‌మెంట్, లేదా ఆడిట్ పని నచ్చితే అకౌంటింగ్, ఫైనాన్స్ వైపు ఎమ్మెస్సీ. ఆమె రెజ్యూమె ఒక్కసారి చదివినా ఈ సంగతి తెలిసేది.

ఐదో వరుసలో ఏఏసీఎస్‌బీ అని రాశారు, అది బిజినెస్ స్కూళ్లకు గుర్తింపునిచ్చే అంతర్జాతీయ సంస్థ. ఆ బిజినెస్ స్కూల్ అందులో సభ్య సంస్థ మాత్రమే, దానికి అక్రెడిటేషన్ (గుర్తింపు) లేదు. రుసుము కట్టి సభ్యత్వం తీసుకోవడం వేరు, ఏళ్ల తరబడి పరిశీలన జరిగాక గుర్తింపు రావడం వేరు. ఏఏసీఎస్‌బీ, ఈక్విస్, ఆంబా మూడు గుర్తింపులూ ఉన్న స్కూళ్లు బ్రిటన్‌లో ఉన్నాయి. వార్విక్, మాంచెస్టర్, లాంకాస్టర్, స్ట్రాత్‌క్లైడ్, ఆస్టన్ అలాంటివే. వాటిలోనే చేర్చాలని మేము అనడం లేదు, ఆమె మార్కులకు, బడ్జెట్‌కు అవి అందకపోవచ్చు. కానీ లేని గుర్తింపును ఉన్నట్టు రాయకూడదు. రెండు వరుసల్లో "టెఫ్ గోల్డ్" అని గొప్పగా చూపించారు. టెఫ్ అనేది యూనివర్సిటీల బోధనకు ఇచ్చే రేటింగ్, అదీ బ్యాచిలర్స్ చదువుల బోధనకే. మాస్టర్స్‌కు వెళ్లే అమ్మాయి దాన్నిబట్టి ఏం తేల్చుకోగలదు?

లిస్టు అడుగున "చదువయ్యాక రెండేళ్ల పీఎస్‌డబ్ల్యూ గ్యారంటీ" అని ఉంది. పీఎస్‌డబ్ల్యూ అని మీరంటున్నది చదువయ్యాక అక్కడే ఉండి పనిచేసుకోనిచ్చే గ్రాడ్యుయేట్ వీసా. 2027 జనవరి 1 నుంచి అప్లై చేసే బ్యాచిలర్స్, మాస్టర్స్ వాళ్లకు గ్రాడ్యుయేట్ వీసా 18 నెలలే. 2026 సెప్టెంబర్‌లో చేరి ఏడాది కోర్సు చేసేవాళ్లంతా ఈ నిబంధన కిందికే వస్తారు. తగ్గిన ఆ ఆరు నెలలు చిన్న విషయం కాదు. ఆ తర్వాతి ఉద్యోగ వీసాకు స్పాన్సర్ చేసే కంపెనీని వెతుక్కోవడానికి ఉండే వ్యవధి ఆ వీసా కాలమే. లోన్ వాయిదాల లెక్క కూడా దానిమీదే వేసుకుంటారు.

ఇక నిధుల రుజువుకు ఇల్లు, బంగారం విలువ కట్టించి సీఏ సర్టిఫికెట్ తెమ్మన్నారు. స్టూడెంట్ వీసాకు ఆస్తుల విలువ పనికిరాదు. విద్యార్థి ఖాతాలోనో, తల్లిదండ్రుల ఖాతాలోనో నగదు ఉండాలి, లేదా నిబంధనలకు సరిపడే విద్యా రుణం ఉండాలి. తల్లిదండ్రుల ఖాతా చూపిస్తే జనన ధ్రువపత్రం, వాళ్ల సమ్మతి పత్రం జతచేయాలి. ఈ రెండు కాగితాల ప్రస్తావన మీ చెక్‌లిస్టులో లేదు.

కన్సల్టెన్సీలకు యూనివర్సిటీల నుంచి కమిషన్ రావడం అందరికీ తెలిసిందే, దాన్ని మేము తప్పుపట్టడం లేదు. విద్యార్థి దగ్గర కూడా ఫీజు తీసుకున్నప్పుడు, ఈ ఆరింటిలో ఏవి మీకు కమిషన్ ఇస్తాయో ఆమెకు చెప్పి తీరాలి.

మేము కోరేవి ఇవి. 18,000 రూపాయలు పూర్తిగా వెనక్కివ్వాలి. కమిషన్ వివరం రాతపూర్వకంగా ఇవ్వాలి. రెండేళ్ల వీసా గ్యారంటీ మాటను, ఐదో వరుసలోని అక్రెడిటేషన్‌ను మీ లిస్టుల్లోంచి తీసేసి, ఇప్పటికే ఇదే లిస్టు తీసుకున్న విద్యార్థులందరికీ ఆ సంగతి తెలియజేయాలి. మూడో వరుస చూసి డబ్బు సర్దుకుంటున్నవాళ్లు ఇంకెవరైనా ఉంటే వాళ్లకు ఈరోజే ఫోన్ చేయండి. 28 రోజుల లెక్క వాళ్లకు ఇప్పటికే మొదలై ఉండవచ్చు.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే, వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద ఆమె నివాసమున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు నమోదు చేస్తాం. లిస్టు, చెల్లింపు రసీదు, డిపాజిట్ మెసేజ్, ఆయా కోర్సు పేజీల ప్రింట్లు జతచేశాం.

ఇట్లు,
కామర్స్ విభాగం అధ్యాపకులు, విద్యార్థిని
(సంతకాలు)