గృహప్రవేశం కాస్తా గహప్రవేశం అయిన కథ

రేయ్ మామా,

మొన్న ఫోన్లో "ఇంకా ఆ డబ్బానే వాడుతున్నావా" అని నవ్వావు కదా, అప్పుడు కస్టమర్ ఎదురుగా కూర్చుని ఉన్నాడు, అందుకే ఏమీ అనలేదు. ఇప్పుడు తీరిగ్గా చెప్తా. టీ పెట్టుకుని చదువు, చాలా ఉంది.

ముందు ఒక మాట, నా లాప్‌టాప్ పోలేదు. 2017లో కొన్నా, ఏడో జనరేషన్ ఐ5 ప్రాసెసర్, ఎనిమిది జీబీ ర్యామ్. పోయినేడు హార్డ్ డిస్క్ తీసేసి దానికన్నా వేగంగా నడిచే ఎస్‌ఎస్‌డీ వేయించాక, నేను కార్డులు తయారుచేసే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ క్లిక్ చేసేలోపే తెరుచుకుంటోంది. జబ్బంతా స్క్రీన్‌దే. కుడివైపు పైనుంచి కిందిదాకా దారమంత సన్నగా ఒక ఆకుపచ్చ గీత, అది ఎప్పుడూ ఉంటుంది. దానికి అలవాటు పడిపోయా, ఇంట్లో గోడ మీద పగులుకి అలవాటు పడినట్టు. రెండోదే అసలు రోగం. మూత కొంచెం వెనక్కి వంచితే చాలు, కింది సగం నీళ్లలో నీడలా వణుకుతుంది, ఒక్కోసారి నల్లపట్టీ పడి రెండు మూడు లైన్లు మాయమైపోతాయి. వెనకాల అట్టపెట్టె ఆనించి ఒకే వాలులో నిలబెట్టి నాలుగు నెలలు నెట్టుకొచ్చా. తుడుద్దామని అమ్మ ఆ పెట్టె జరిపిందా, ఆ రోజు పని అయిపోయినట్టే.

ఇలా నడుస్తుండగా ఒకాయన గృహప్రవేశం కార్డుల పని ఇచ్చాడు, మూడొందలు, రెండు రోజుల్లో కావాలన్నాడు. రాత్రి పన్నెండింటి దాకా కూర్చుని కొట్టా. సరిగ్గా శీర్షిక ఉన్న చోటే ఆ వణుకు పట్టీ. గ కింద ఋత్వం పడలేదని నాకు కనబడలేదు, ప్రింటింగ్ వాడికీ కనబడలేదు. తెల్లారి కార్డులు తీసుకున్నాయన చదివి, "ఏం బాబూ, గహప్రవేశమా, మాకు గ్రహాలేమైనా ప్రవేశిస్తున్నాయా" అన్నాడు. మర్యాదగానే అన్నాడులే, నాకే తల కొట్టేసినట్టయింది. మూడొందల కార్డులూ నా ఖర్చుతో మళ్లీ వేయించా. ఆ రోజే అనుకున్నా, బాగు చేయించడమో కొత్తది కొనడమో, ఇక ఏదో ఒకటి తేల్చాలని.

మా వీధి చివర రిపేర్ షాపుకి తీసుకెళ్తే అబ్బాయి ఆన్ చేసి, గీత చూసి, "డిస్‌ప్లే పోయింది సార్, ఏడున్నర వేలు" అన్నాడు. మూత కదిపి కూడా చూడలేదు. పక్క షాపులో ఇంకో అడుగు ముందుకేసి, ఇంత పాత దానికి డబ్బులు పెట్టడం దండగ, ఎక్స్చేంజ్ లో ఇచ్చేసి కొత్తది తీసుకోండి, నలభై రెండు వేల నుంచి ఉన్నాయన్నారు. నాకు ఒళ్లు మండి ఇంటికొచ్చి నేనే పరీక్ష మొదలెట్టా. హెచ్‌డీఎంఐ వైరుతో టీవీకి కలిపా: టీవీలో గీతా లేదు, వణుకూ లేదు. అంటే గ్రాఫిక్స్ చిప్, మదర్‌బోర్డు బాగానే ఉన్నట్టు, అవే పోతే మాత్రం ఇంత పాత మిషన్‌కి దండం పెట్టేయడమే. తర్వాత విండోస్ లోడవకముందే బయోస్‌లోకి, అదే మిషన్ సొంత సెట్టింగుల తెరలోకి, వెళ్లి చూశా, అక్కడా గీత ఉంది, మూత కదిపితే అక్కడా వణుకుతోంది. అంటే డ్రైవర్ల తప్పు కాదు, విండోస్ మళ్లీ వేసినా ప్రయోజనం లేదు. మూత కదిపినప్పుడే వచ్చే రోగమంటే మదర్‌బోర్డు నుంచి స్క్రీన్‌కి వెళ్లే కేబుల్ మీదే అనుమానం. నీది డెల్ కదా, ఎప్పుడైనా డౌటొస్తే ఆఫ్ చేసి, డి కీ నొక్కిపట్టి పవర్ బటన్ నొక్కు, స్క్రీన్ తనంతట తానే ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని రంగులు మారుస్తుంది. ఆ రంగుల మీద కూడా గీత కనబడితే స్క్రీనే పోయినట్టు.

ఆదివారం కాకుండా చూసుకుని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి పోయా. పైఅంతస్తులో ఒక పెద్దాయన, టేబుల్ మీద దీపం, కళ్లద్దాలు ముక్కు చివర. నా కథ సగంలో ఉండగానే బ్యాటరీ వైరు పీకేసి, స్క్రీన్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ అంచుని గోటితో గీకుతూ విప్పేశాడు, పసుపు టేపు తీసి హింజ్ దగ్గర, అదే మూత మడత పడే చోట, కేబుల్ చూపించాడు. తొడుగు అరిగి లోపలి రాగి వెంట్రుకల్లా బయటికొచ్చింది. ఎనిమిదేళ్లుగా మూత తెరిచి మూసిన చోటే మరి. "ఇది తొమ్మిది వందలు. గీత మాత్రం ప్యానెల్‌ది, అంటే స్క్రీన్ పలకది, కేబుల్ మారిస్తే పోదు. ప్యానెల్ కావాలంటే ఇంకో నాలుగున్నర వేలు, వేస్తావా?" అన్నాడు. కేబుల్ తగిలించే చోట ముప్పై పిన్నులున్నాయో నలభై ఉన్నాయో చూడకుండా ఆన్‌లైన్లో ప్యానెల్ కొనుక్కొచ్చి ఇక్కడ తలపట్టుకునే వాళ్లు వారానికి ఇద్దరొస్తారట.

అక్కడ ఆలోచనలో పడ్డా. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది. మామూలు ఇంటెల్ మిషన్లయితే విండోస్ 11కి ఎనిమిదో జనరేషన్ నుంచే లెక్క, నాది ఒక్క మెట్టు కింద ఆగిపోయింది. కావాలంటే ఎన్‌రోల్ చేసుకుని 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు తెచ్చుకోవచ్చు, అంతే. అలాంటి మిషన్‌కి నాలుగున్నర వేల ప్యానెల్ ఎందుకు? పోనీ కొత్తది కొందామంటే, నా పని పేజ్‌మేకర్ 7 మీద, అను అనే తెలుగు ఫాంట్ల మీద. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లోరా! దాన్నీ తెలుగు టైప్ చేయించే అను స్క్రిప్ట్ మేనేజర్నీ ఒక దారికి తెచ్చుకోవడానికి అప్పట్లో రెండు రాత్రులు నిద్ర లేదు. ఎదురుగా మూఢం వెళ్లగానే శుభలేఖల సీజన్. అప్పుడు కొత్త మిషన్ ముందేసుకుని ఒత్తులు ఎందుకు ఎగిరిపోతున్నాయా అని కూర్చునే ఓపిక నాకు లేదు.

కేబుల్ ఒక్కటే మార్పించా. ముప్పావుగంటలో అయిపోయింది, వణుకు ఆగిపోయింది, అట్టపెట్టె అటకెక్కింది. అప్‌డేట్ల బెంగ లేకుండా ఇకమీదట దీనికి నెట్ బంద్, బ్యాంకు పనులన్నీ ఫోన్లో, పీడీఎఫ్‌లు పెన్‌డ్రైవ్‌లో ప్రింటింగ్‌కి. ప్యానెల్ డబ్బులతో ఒక సెకండ్‌హ్యాండ్ మానిటర్ తీసుకుంటే కార్డు పెద్దగా కనబడుతుంది, గీత గొడవ ఉండదు, రేపు ఈ లాప్‌టాప్ పోయినా మానిటర్ మిగులుతుంది.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. హన్మకొండలో మీ ఇంటి సజ్జ మీద దుప్పటి కప్పి ఒక మానిటర్ ఉండేది, గుర్తుందా, మీ తమ్ముడు గేమ్స్ ఆడేది? అది ఇంకా వెలుగుతుందా? వెనకాల హెచ్‌డీఎంఐ ఉందా, లేక పాతకాలం నీలం రంగు వీజీఏ సాకెట్ ఒక్కటేనా, కాస్త సజ్జ ఎక్కి చూసి ఫొటో పెట్టు. ఊరికే అడగట్లేదురా, డబ్బులిస్తా. పండక్కి వచ్చేటప్పుడు బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకురా, లగేజీలో వేయకు, ఇంకో గీత పడితే భరించే ఓపిక లేదు.

నీ
డబ్బాగాడు