భూకంప వార్తలో లోతు, దూరం కూడా రాయండి

సంపాదకులకు,

భూమి కంపించిన ప్రతిసారీ పత్రికల్లో రిక్టర్ స్కేలు అంకె ఒక్కటే పెద్దక్షరాల్లో కనిపిస్తుంది. భూకంపం ఎంత పెద్దదో అది చెబుతుందే గాని, ఫలానా ఊళ్లో నేల ఎలా ఊగిందో చెప్పదు.

2024 డిసెంబరు 4న ఉదయం ములుగు జిల్లాలో వచ్చిన 5.3 భూకంపాన్నే తీసుకోండి. దాని నాభి, అంటే భూమి లోపల కంపం పుట్టిన చోటు, 40 కిలోమీటర్ల లోతున ఉంది. అక్కడి నుంచి ముందుగా వచ్చే పి తరంగం రాతిలో సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు, దాని వెనక వచ్చే ఎస్ తరంగం 3.5 కిలోమీటర్లు పోతాయి. అంటే సరిగ్గా నాభికి పైన ఉన్నవాళ్లకు పి కుదుపు తగిలిన 5 సెకన్లకే ఎస్ వచ్చేస్తుంది. 220 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదుకు ఆ తేడా 25 సెకన్లకు పైనే. ఈ వ్యవధిని 8తో గుణిస్తే నాభి ఎంత దూరమో కిలోమీటర్లలో ఇంచుమించుగా తేలుతుంది. కంపాలను నమోదు చేసే మూడు కేంద్రాల లెక్కలు కలిస్తే నాభి ఉన్న చోటు దొరుకుతుంది.

పి తరంగం రాతిని నొక్కుతూ, సాగదీస్తూ వస్తుంది. నష్టం తక్కువ. ఎస్ తరంగం నేలను అడ్డంగా ఊపుతుంది, ఇటుక గోడల్లో ఏటవాలు పగుళ్లు దాని పనే. అన్నిటికన్నా వెనక వచ్చే లవ్, రేలీ తరంగాలు నేల పైపొరల్లోనే పాకుతాయి, చాలా దూరం పోయినా అంత త్వరగా నీరసించవు. నాభి లోతుగా ఉంటే ఇవి బలంగా పుట్టవు. ములుగు కంపం అంత విస్తారంగా తెలిసినా పెద్ద నష్టం జరగకపోవడానికి ఆ లోతు ఒక కారణం.

అసలు చిక్కు మెత్తటి నేలతో. అక్కడ తరంగం వేగం తగ్గి ఊపు పెరుగుతుంది. 1985లో మెక్సికో నగరం భూకంప కేంద్రానికి 350 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంది. అయినా పాత చెరువు బంకమన్ను సుమారు 2 సెకన్లకో ఊపు చొప్పున ఊగింది. భవనం ఊపుకాలం, అంటే ఒక్క ఊపుకు పట్టే సమయం, ఉజ్జాయింపుగా అంతస్తుకు 0.1 సెకను, పగుళ్లిచ్చేకొద్దీ ఇంకా పెరుగుతుంది. అది నేల ఊపుకాలానికి దగ్గరపడితే భవనం మరీ ఎక్కువగా ఊగుతుంది. అందుకే ఒకటి రెండంతస్తుల ఇళ్లు చాలావరకు నిలబడ్డాయి, 6 నుంచి 15 అంతస్తులవి కూలాయి. 2001 భుజ్ భూకంపంలో, దాని కేంద్రానికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలోని అహ్మదాబాదులో, కింద గోడల్లేకుండా స్తంభాల మీద పార్కింగు వదిలిన అపార్టుమెంట్లు కుప్పకూలాయి. ఒండ్రు మట్టి మీద అలాంటివే కడుతున్న విజయవాడకు ఇది పరాయి సంగతి కాదు.

కాబట్టి అంకెతో పాటు నాభి లోతు, మన ఊరికి దూరం కూడా వేయండి. తొలి కుదుపు తెలియగానే పై అంతస్తుల వాళ్లు మెట్లకేసి, లిఫ్టుకేసి పరుగెత్తకుండా గట్టి బల్ల కింద దూరి, తల కాపాడుకుని, దాని కాలు పట్టుకోవాలని ఆ వార్త కిందే అచ్చు వేయండి.

– ఒక భూభౌతిక శాస్త్ర అధ్యాపకుడు, హనుమకొండ